గోధుమ లేని శాకాహారంలో క్యాలరీలు పెంచుకోవడం ఎలా

గోధుమ మానేశాం, గుడ్డూ మాంసమూ ముట్టం, ఇక ఒంటికి బలం ఎక్కడినుంచి వస్తుంది? సీలియాక్ అంటే గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడక పేగు దెబ్బతినే వ్యాధి. అది ఉందని తేలిన శాకాహారుల ఇళ్లలో మొదటి నెలలోనే వచ్చే ప్రశ్న ఇది. చపాతీ, ఉప్మా, బ్రెడ్డు, బిస్కెట్టు ఒక్కసారిగా కంచంలోంచి పోతాయి, వాటి చోటికి ఏదీ రాదు. పేగు దెబ్బతిని మనిషి అప్పటికే చిక్కిపోయి ఉంటారు. ఇంకో ముద్ద తినమని ఇంట్లోవాళ్లు బతిమాలుతారు, కడుపేమో పట్టదు.

మన వంటింట్లో దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. బియ్యం, జొన్న, రాగి, సజ్జ, కొర్ర, పప్పులు, పల్లీలు, నువ్వులు, కొబ్బరి, నెయ్యి, పాలు, పెరుగు. వీటిలో సహజంగా గ్లూటెన్ లేదు. చేయాల్సిన పనులు రెండు. ముద్దలు పెంచకుండా ఒక్కో ముద్దలో బలం పెంచడం ఒకటి. తెలియకుండా లోపలికి వస్తున్న గోధుమను ఆపడం రెండోది. ఈ రెండోది వదిలేసి ఎంత నెయ్యి పోసినా తిన్నది ఒంటికి పట్టదు.

మొదలుపెట్టేముందు

సీలియాక్ అనే అనుమానం మాత్రమే ఉండి, ఇంకా రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేయించుకోకపోతే గోధుమ మానేయకండి. ముందే మానేస్తే పరీక్షలో జబ్బు కనిపించకుండా పోవచ్చు. పరీక్షలన్నీ అయ్యాకే ఆహారం మార్చండి.

బీఎమ్ఐ (ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే లెక్క) 16 కంటే తక్కువున్నా, గత 3 నుంచి 6 నెలల్లో బరువులో 15 శాతానికి మించి తగ్గినా, పది రోజులకు పైగా దాదాపు ఏమీ తినలేకపోయినా ఇంట్లో సొంతంగా క్యాలరీలు పెంచవద్దు. బాగా చిక్కిపోయిన శరీరానికి ఒక్కసారిగా తిండి ఎక్కువైతే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం ప్రమాదకరంగా పడిపోతాయి. అది డాక్టరు పర్యవేక్షణలో జరగాల్సిన పని. షుగరు, కిడ్నీ, పాంక్రియాస్ సమస్యలున్నవారు కూడా ముందు తమ డాక్టరును అడగాలి.

కావలసినవి

- వంటింటి తూకం. గ్రాములు చూపించే చిన్నది చాలు
- బరువు చూసుకునే మిషను, ఒక నోటు పుస్తకం
- 5 మి.లీ. చిన్న చెంచా, 15 మి.లీ. పెద్ద చెంచా
- పల్లీలు, నువ్వులు, పుట్నాలు, మినపప్పు, కందిపప్పు, ఎండుకొబ్బరి, జీడిపప్పు లేదా బాదం
- నెయ్యి, దాంతోపాటు వేరుశనగ నూనె లేదా నువ్వుల నూనె
- ఫుల్ క్రీమ్ పాలు, వాటితోనే తోడుపెట్టిన పెరుగు, పనీర్
- బెల్లం, ఖర్జూరం, అరటిపండ్లు
- గోధుమ ఎప్పుడూ తగలని ఒక పెనం, ఒక జల్లెడ, ఒక మిక్సీ జారు

1. ముందు మూడు రోజులు ఏమీ మార్చకుండా రాయండి

ఏం తిన్నారో, ఎంత తిన్నారో, టీలు మజ్జిగలతో సహా రాయండి. చాలామంది పుస్తకంలో ఒకే లోపం కనిపిస్తుంది. ఉదయం మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం చారన్నం, రాత్రి పలుచని మజ్జిగన్నం. కడుపు నిండుతుంది, నిండింది మాత్రం నీళ్లతోనే. ఇప్పుడు తింటున్నదానికి రోజుకు 300 నుంచి 500 క్యాలరీలు కలపడమే మన లక్ష్యం. అంతకంటే తొందర వద్దు.

2. దొంగదారిన వచ్చే గోధుమను ఆపండి

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పెట్టాల్సిన మెట్టు ఇదే. చపాతీ మానడం సులువు, ఎవరికైనా తెలుస్తుంది. కింద చెప్పినవే తెలియకుండా లోపలికి పోతాయి.

ఇంగువ: బజారులో దొరికే పొడి ఇంగువలో చాలావరకు మైదానో గోధుమపిండో కలుపుతారు. సాంబారు, పులిహోర, పచ్చళ్లు, అప్పడాలు, అన్నిట్లోనూ ఇదుంటుంది. బియ్యప్పిండితో చేసి, గ్లూటెన్ లేదని లేబుల్ మీద రాసిన ఇంగువ వాడండి. దొరక్కపోతే ఇంగువ మానేసి జీలకర్ర, వెల్లుల్లితో పోపు పెట్టుకోండి.

రవ్వ: ఇడ్లీ రవ్వ బియ్యంది, బొంబాయి రవ్వ గోధుమది. డబ్బాలు పక్కపక్కన ఉంటే పొరపాటు ఖాయం. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమ్యా వేరే అరలోకి మార్చండి. ఉప్మా తినాలనిపిస్తే బియ్యపు రవ్వతో, పెసరపప్పు వేసి ఉప్పిండి చేసుకోండి.

పాలలో కలిపే పొడులు: హార్లిక్స్, బూస్ట్ లాంటివాటిలో మాల్ట్ ఉంటుంది. మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ. బార్లీలోనూ గ్లూటెన్ ఉంది. సన్నగా ఉన్నారని ఇంట్లోవాళ్లు ముందు కొనేవి ఇవే. కార్న్ ఫ్లేక్స్ చాలావాటిలో కూడా మాల్ట్ కలుస్తుంది. బరువు పెంచే పౌడర్లు కొనేముందు లేబుల్ మొత్తం చదవండి.

జావ పిండి: మల్టీగ్రెయిన్ అని రాసినవాటిలో గోధుమ, బార్లీ ఉండడం మామూలే. ఇంట్లో పెద్దవాళ్లు చేయించే మొలకల పిండిలోనూ గుప్పెడు గోధుమలు వేస్తుంటారు. వేయవద్దని ముందే చెప్పండి.

పిండి మర: శుభ్రమైన జొన్నలు తీసుకెళ్లినా, మీకంటే ముందు ఎవరో గోధుమలు ఆడించి ఉంటారు. ఆ పిండి రాళ్ల మధ్యే ఉండి మీ జొన్నపిండిలోకి వస్తుంది. ముందు ఒక కిలో బియ్యం ఆడిస్తే సరిపోతుందని అంటారు, దాన్ని నమ్ముకోవడానికి లేదు. కొద్దికొద్దిగా ఇంటి మిక్సీలో పట్టుకోండి, లేదా ఇంటి పిండి మిషను వాడండి, అదీ కుదరకపోతే గ్లూటెన్ ఫ్రీ అని రాసిన ప్యాకెట్ పిండి కొనండి. మన దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం ఆ మాట రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల గ్లూటెన్ దాటకూడదు. శనగపిండికీ ఈ జాగ్రత్తే. పప్పుల్ని చేటలో పోసి గోధుమ గింజలు ఏరి, రెండుసార్లు కడిగి వండండి.

ఇంట్లో మిగతావాళ్లు గోధుమ తింటుంటే పూరీలు వేయించిన నూనెలో మీ అప్పడాలు వేయించవద్దు. చపాతీ పీట, అప్పడాల కర్ర, చెక్క గరిటెలు మీకు వేరుగా ఉండాలి. చెక్క సందుల్లో పిండి ఎంత కడిగినా పూర్తిగా పోదు. చపాతీ కాల్చిన పెనం మీదే మీ జొన్నరొట్టె వేయడం చాలా ఇళ్లలో జరిగే తప్పు.

3. ప్రతి పూటా మొదటి ముద్దకు పొడి, నెయ్యి

తక్కువ జాగాలో ఎక్కువ బలం ఇచ్చేది కొవ్వు. చిన్న చెంచా నెయ్యిలో సుమారు 45 క్యాలరీలు, పెద్ద చెంచా నూనెలో 120. ఉత్త నెయ్యి పోసుకుంటూ పోతే రెండు రోజుల్లో వెగటు పుడుతుంది. పొడితో కలిస్తే పుట్టదు. పైగా పొడిలో మాంసకృత్తులూ వస్తాయి.

పల్లీ నువ్వుల పొడికి 150 గ్రా. పల్లీలు, 100 గ్రా. నువ్వులు, 50 గ్రా. పుట్నాలు, పది పన్నెండు ఎండుమిర్చి, చిన్న చెంచా జీలకర్ర, తగినంత ఉప్పు తీసుకోండి. పల్లీలు సన్నని మంట మీద పొట్టు ఊడేదాకా వేయించి పొట్టు తీసేయండి. నువ్వులు విడిగా, చిటపటలాడగానే దింపండి. రంగు మారేదాకా ఉంచితే చేదెక్కుతాయి. అన్నీ పూర్తిగా చల్లారాక ముందు మిర్చి, జీలకర్ర, ఉప్పు, పుట్నాలు పొడి చేసి, చివర్లో పల్లీలు, నువ్వులు వేసి మిక్సీ ఆపి ఆపి తిప్పండి. ఒకే పట్టున తిప్పితే నూనె కక్కి ముద్దవుతుంది.

నిండు పెద్ద చెంచా పొడి, అంటే 12 గ్రాములు, సుమారు 65 క్యాలరీలు. చెంచా నెయ్యితో కలిపితే 110. రెండు పూటలకు 220. మీరు తినే అన్నం మెతుకు కూడా పెరగలేదు, గమనించండి.

నల్లబడిన, ముడతలు పడిన, ముక్కవాసన వచ్చే పల్లీలు ఏరి పారేయండి. బూజు విషం వేయించినా పూర్తిగా పోదు. పొడిని ఫ్రిజ్‌లో ఉంచి నెలలోపు వాడేయండి. పల్లీలు పడనివారు అవి మానేసి ఎండుకొబ్బరి, పుట్నాలతో చేసుకోవచ్చు.

నెయ్యి ఒక్కదాని మీదే ఆధారపడకండి. రోజుకు రెండు మూడు చిన్న చెంచాల నెయ్యి, మిగతాది గింజల నుంచి, వేరుశనగ లేదా నువ్వుల నూనె నుంచి రావాలి. కొలెస్టరాల్ ఎక్కువున్నవారు నెయ్యి బదులు పప్పునూనె, అంటే నువ్వుల నూనె కలుపుకోండి. కందిపొడిలోకి నువ్వుల నూనె ఏమాత్రం తీసిపోదు.

4. చారు స్థానంలో ముద్దపప్పు, మజ్జిగ స్థానంలో గట్టి పెరుగు

50 గ్రాముల కందిపప్పు ఉడికిస్తే సుమారు 170 క్యాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు. అది మీ కంచంలోకి ముద్దపప్పుగా వస్తోందా, ఇంటిల్లిపాదికీ పంచిన సాంబారులో రెండు గరిటెలుగా వస్తోందా చూసుకోండి. పప్పు ముందు, చారు చివర. చారు కావాలంటే తినడం అయ్యాక చిన్న గ్లాసుతో తాగండి.

పెరుగన్నం దగ్గర తేడా ఇంకా ఎక్కువ. 150 గ్రాముల అన్నంలో పలుచని మజ్జిగ పోసుకుంటే 230 క్యాలరీల లోపే. అదే అన్నంలో 150 గ్రాముల ఫుల్ క్రీమ్ పెరుగు, చెంచా నూనెతో పోపు, 10 గ్రాముల జీడిపప్పు వేసి దద్దోజనం చేస్తే సుమారు 425. రాత్రిపూట ఆకలి మందగించేవారికి ఇంతకంటే తేలికగా దిగే భోజనం లేదు.

ఉదయం ఇడ్లీకి సాంబారు తగ్గించి గట్టి పల్లీ చట్నీ పెంచండి. 25 గ్రాముల పల్లీలతో చేసిన చట్నీ 140 క్యాలరీలు. దోసె కంటే పెసరట్టు, దిబ్బరొట్టె మేలు, వాటిలో పప్పు వంతు ఎక్కువ కాబట్టి. కూరల్లో 50 గ్రాముల పనీర్ వేస్తే సుమారు 130 క్యాలరీలు, 9 గ్రాముల మాంసకృత్తులు కలుస్తాయి.

5. జావలో నీళ్లు కాదు, పాలు

25 గ్రాముల రాగిపిండి నీళ్లలో కాచి ఉప్పు వేసుకు తాగితే 80 క్యాలరీలు. అదే పిండిని ముందు కొద్ది నీళ్లలో ఉండలు లేకుండా కలిపి ఉడికించి, 150 మి.లీ. ఫుల్ క్రీమ్ పాలు, చెంచా నెయ్యి, 10 గ్రాముల బాదం పొడి వేసి కాచి దింపండి. కాస్త చల్లారాక 15 గ్రాముల బెల్లం కలపండి. దాదాపు 370 క్యాలరీలు. పొయ్యి మీద ఉండగా బెల్లం వేస్తే పాలు విరుగుతాయి.

పాల ప్యాకెట్టు మార్చినా మేలే. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6 శాతం. రోజుకు 400 మి.లీ. వాడేవారికి ఈ ఒక్క మార్పుతో సుమారు 115 క్యాలరీలు కలుస్తాయి.

సీలియాక్ కొత్తగా తేలినవారికి పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనం రావచ్చు. దెబ్బతిన్న పేగు పాలలోని చక్కెరను అరిగించలేదు. పేగు మానుతున్నకొద్దీ చాలామందికి ఇది తగ్గుతుంది. అందాకా పాలు ఆపి పెరుగు, పనీర్ వాడండి. జావలోకి పల్లీ పాలు పోయండి. 40 గ్రాముల పల్లీలు రాత్రి నానబెట్టి, 250 మి.లీ. నీళ్లతో మెత్తగా రుబ్బి, వడకట్టకుండా పది నిమిషాలు కాచాలి. సుమారు 225 క్యాలరీలు వస్తాయి. వడకడితే బలంలో కొంత పిప్పితో పోతుంది.

6. రెండు భోజనాల మధ్య ఒక సున్నుండ

250 గ్రా. మినపప్పు, ఒక చెంచా బియ్యం కలిపి సన్నని మంట మీద దోరగా, లోపలిదాకా వేగేలా వేయించండి. తొందరపడి మంట పెంచితే పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది, ఉండ నోట్లో అంటుకుంటుంది. చల్లారాక ఇంట్లోనే మిక్సీ పట్టండి, మరకు పంపవద్దు. 200 గ్రా. బెల్లం తురుము కలిపి మళ్లీ ఒకసారి తిప్పి, 150 గ్రా. కరిగించిన నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ పదహారు ఉండలు చుట్టండి. ఒక్కోటి సుమారు 180 క్యాలరీలు. ఉండ విడిపోతుంటే నెయ్యి తక్కువైందని కాదు, చల్లారిందని. గోరువెచ్చగా చేసి చుట్టండి.

చిమ్మిలి, పల్లీపట్టీ, అరిసె, పూర్ణం కూడా పనికొస్తాయి. బొబ్బట్టు, కాజా పనికిరావు, అవి మైదావి. షుగరు ఉన్నవారికి ఈ మెట్టు వద్దు. సీలియాక్‌తోపాటు టైప్ 1 మధుమేహం కలిసి ఉండడం అరుదేమీ కాదు కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. వారు సున్నుండ బదులు 30 గ్రాముల వేయించిన పల్లీలు తింటే 170 క్యాలరీలు వస్తాయి. ఐదేళ్లలోపు పిల్లలకు గింజలు గింజలుగా పెట్టకండి, గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి పెట్టండి.

7. ఒక్కసారిగా కాదు, వారం వారం

మొదటి వారం 3వ మెట్టు మాత్రమే, అంటే 220 క్యాలరీలు. రెండో వారం పాలు మార్చండి, మూడో వారం సున్నుండ చేర్చండి. మూడూ కలిపి సుమారు 500 అవుతాయి. అన్నీ ఒకే రోజు మొదలుపెడితే కడుపు బరువెక్కి నాలుగో రోజుకల్లా మానేస్తారు. తినడానికి అరగంట ముందు నుంచి నీళ్లు తగ్గించండి. భోజనం చేసిన వెంటనే టీ తాగకండి, తిండిలోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే మేలు.

బయట తినాల్సి వస్తే

హోటల్లో మినప ఇడ్లీ, కొబ్బరి చట్నీ కొంత నయం, సాంబారు వదిలేయండి. రవ్వ దోసె, మైసూర్ బజ్జీ, గోబీ మంచూరియా వద్దు. మిర్చి బజ్జీ శనగపిండిదే అయినా అదే మూకుడులో మైదా బోండాలూ వేగుతాయి. అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వతో చేసేది. కళ్లకద్దుకుని పక్కవారికి ఇవ్వండి. పెళ్లిళ్లలో పులిహోర గురించి అడిగేటప్పుడు గోధుమ ఉందా అని అడిగితే లేదనే అంటారు. ఏ ఇంగువ వేశారని అడగండి.

విదేశాల్లో ఉన్నవారికి లేబుళ్లతో పని సులువు, కానీ శాకాహారుల కోసమని అమ్మే మాంసం లాంటి పదార్థాల్లో సీతాన్ అనేది అచ్చంగా గోధుమ గ్లూటెనే. సోయా సాస్‌లోనూ ఎక్కువగా గోధుమ ఉంటుంది. ఓట్స్ గ్లూటెన్ ఫ్రీ అని రాసినవి మాత్రమే కొనండి, అవీ కొందరికి పడవు.

ఎక్కువగా జరిగే తప్పులు

గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్లతో క్యాలరీలు నింపడం మొదటిది. వాటిలో చాలావరకు పిండిపదార్థం, చక్కెర, పామాయిల్ తప్ప మరేమీ ఉండదు. బరువు పెరిగినా రక్తహీనత అలాగే ఉంటుంది. సగ్గుబియ్యం కూడా అంతే. 100 గ్రాములకు 350 క్యాలరీలున్నా మాంసకృత్తులు దాదాపు లేవు. పాయసంగా కాకుండా పల్లీలు దండిగా వేసి కిచిడీ చేసుకుంటే తినదగ్గదే.

కొంచెం గోధుమ తింటే ఏమీ కాలేదు కదా అనుకోవడం అన్నిటికంటే పెద్ద తప్పు. కడుపునొప్పి రాకపోయినా పేగు లోపలి పొర దెబ్బతింటుంది. తీసుకున్న ఆహారాన్ని పీల్చుకోవాల్సింది ఆ పొరే.

ఆదివారం ఎక్కువ తిని మిగతా రోజులు మామూలుగా ఉండడం వల్ల కూడా ఏమీ కలిసిరాదు.

ఫలితం సరిచూసుకోవడం

వారానికోసారి, ఒకే రోజు, పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూడండి. రోజూ చూస్తే నీటి హెచ్చుతగ్గులు చూసి కంగారుపడతారు. పెద్దవాళ్లకు వారానికి 250 నుంచి 500 గ్రాములు పెరిగితే సరిగ్గా జరుగుతున్నట్టు. అంతకంటే వేగంగా పెరిగితే తీపి తగ్గించండి. పిల్లల విషయంలో బరువొక్కటే చాలదు, ఎత్తు కూడా నెలనెలా రాయండి.

రెండు వారాలు ముల్లు కదలకపోతే మళ్లీ మూడు రోజులు రాసి చూడండి. నిజంగా కలిపినదంతా తింటున్నారని తేలితే ఇంకో 200 క్యాలరీలు చేర్చండి, జావే మంచి దారి.

నాలుగు వారాలు సరిగ్గా తిన్నా పెరగకపోతే తిండి పెంచడం ఆపి 2వ మెట్టుకు తిరిగి వెళ్లండి. ఇంగువ, పిండి మర, పాలలో కలిపే పొడి, ఈ మూడూ మొదట చూడండి. మలం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లపై తేలుతుంటే కొవ్వు అరగడం లేదు. అప్పుడు నెయ్యి పెంచడం వృథా, డాక్టరు దగ్గరికి వెళ్లండి. సీలియాక్‌ను పట్టే టీటీజీ అనే రక్తపరీక్ష మళ్లీ చేస్తే గ్లూటెన్ ఇంకా లోపలికి పోతోందేమో కొంతవరకు తెలుసుకోవచ్చు. దాంతోపాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, విటమిన్ డి, థైరాయిడ్ చూడమని అడగండి. వేసుకుంటున్న మాత్రల పట్టీ కూడా వెంట తీసుకెళ్లండి, కొన్నిటిలో గోధుమ పిండిపదార్థం ఉండే అవకాశం ఉంది.